మరమనిషి మోకాలు

(ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, భోజనం చేసి వచ్చిన వెంటనే ఉపన్యాసం వినవలసి వచ్చినా ఇంకా కళ్ళు తెరుచుకొనే ఉన్న విద్యార్థులకు నమస్కారం.

నా ముందున్న బల్ల మీద గజం పొడవు రాగి గొట్టం ఒకటి, చొక్కా గుండీ అంత ఇనుప బిళ్ళ ఒకటి, అదే పరిమాణంలో మెరుస్తున్న అయస్కాంతపు బిళ్ళలు రెండు ఉన్నాయి. గొట్టాన్ని నిటారుగా పట్టుకొని ముందుగా ఇనుప బిళ్ళను వదులుతున్నాను. చప్పుడు విన్నారు కదా, చెయ్యి తీసేలోపే కింద పడింది. ఇప్పుడు అయస్కాంతాల్లో ఒకదాన్ని వదులుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అదిగో, ఇప్పుడు బయటికి వచ్చింది. రాగికి అయస్కాంతం అంటుకోదని మీ అందరికీ తెలుసు. అయినా ఆ బిళ్ళ నూనెలో దిగినట్టు మెల్లగా దిగింది. కదిలే అయస్కాంతం రాగిలో కరెంటు పుట్టించింది, ఆ కరెంటు తనను పుట్టించిన కదలికకే అడ్డుపడింది. దీన్నే తిరగేసి, మనమే రాగిలోకి కరెంటు పంపితే అయస్కాంతం కదులుతుంది. దానికే మోటారు అని పేరు. రెండో అయస్కాంతాన్ని చివర్లో వదులుతాను. అంతవరకు దాని సంగతి పక్కన పెడదాం.

నాలుగు కాళ్ళ మీద పరుగెత్తే రోబోలను, పల్టీ కొట్టే రోబోలను మీరు ఫోన్లలో చూసే ఉంటారు. వాటిని చూసినవాళ్ళు దానికెంత తెలివి అంటారు. పత్రికలు కూడా ఆ తెలివి గురించే, అంటే దాని కంప్యూటర్ గురించే రాస్తాయి. నేను ముప్పై ఏళ్ళుగా విద్యుత్ యంత్రాల పాఠం చెబుతున్నవాణ్ణి కాబట్టి నా చూపు దాని తల మీదికి పోదు, మోకాలి మీదికి పోతుంది. ఆ మోకాలు అలా వంగి, నేల తాకగానే మెత్తబడి, మళ్ళీ లేవడానికి వెనుక ఒక లోహశాస్త్రవేత్త చేసిన పని, ఒక విద్యుత్ ఇంజనీరు చేసిన పని, ఒక రోబో నిపుణుడు చేసిన పని కలిసి ఉన్నాయి. ఈ ముగ్గురివీ విశ్వవిద్యాలయాల్లో మూడు వేర్వేరు భవనాలు. ఒకరి పని ఇంకొకరి చేతికి అందడానికి కొన్నిసార్లు పదేళ్ళు, కొన్నిసార్లు ముప్పై ఏళ్ళు పట్టింది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ అందిపుచ్చుకోవడం గురించే.

మొదట మోకాలి కష్టమేమిటో చూద్దాం. మామూలు మోటారుకు వేగంగా తిరగడం సులువు, బలంగా తిప్పడం కష్టం. కాలికి కావలసింది దీనికి పూర్తిగా తిరుగు: నెమ్మదైన కదలిక, గట్టి బలం. అందుకని పాత రోబోల్లో మోటారుకూ కీలుకూ మధ్య గేరు పెట్టేవారు. మోటారు నూరు చుట్లు తిరిగితే కీలు ఒక్క చుట్టు తిరుగుతుంది, బలం దాదాపు నూరు రెట్లవుతుంది. బావి మీద గిలకలు, జాకీలు చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. చిక్కు మరోచోట ఉంది. గేరు బలాన్ని నూరు రెట్లు చేసేటప్పుడు, మోటారు లోపల తిరిగే రోటరు జడత్వాన్ని, బయటి నుంచి నెట్టి చూసేవాడికి, నూరు రెట్లు కాదు, నూటికి వర్గం, అంటే పదివేల రెట్లు చేసి చూపిస్తుంది. గుప్పెడంత రోటరు బయటి నుంచి బండరాయిలా తగులుతుందన్నమాట. పైగా పళ్ళ మధ్య రాపిడి, పళ్ళ మధ్య సందులో వచ్చే కొద్దిపాటి ఊగిసలాట. గోడ మీది నుంచి దూకే పిల్లవాడు మోకాళ్ళు వంచి దిగుతాడు; అదే పిల్లవాడు మోకాళ్ళు బిగబట్టి దూకితే ఎముక విరుగుతుంది. పెద్ద గేరు పెట్టిన రోబో ఎప్పుడూ మోకాళ్ళు బిగబట్టి దూకేదే. కారు కర్మాగారంలో ఒకే చోట నిలబడి వెల్డింగు చేసే చేతికి ఇది ఇబ్బంది కాదు, అది గోడలు దూకదు కాబట్టి. నేల మీద నడవవలసిన దానికి ఇది ప్రాణసంకటం.

గేరు తీసేస్తే సరిపోదా అని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటే, ఆ ప్రశ్న వేసినవాళ్ళ దగ్గరికే వెళదాం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి, మొదటి డైరెక్టరుగా 1991 దాకా నడిపినవారు మన రాజ్ రెడ్డి. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న మనిషి. ఆయన సొంత పరిశోధన యంత్రానికి మనిషి మాట వినిపించడం గురించి, మోటార్ల గురించి కాదు. అయినా ఆయన కట్టిన ఇంట్లో ఎవరు ఏ గదిలో ఏం చేశారన్నది చూడవలసిన విషయం. జపాన్‌లోని క్యోటో నుంచి వచ్చిన హరుహికో అసాదా, తకెయో కనాదే అనే ఇద్దరు 1981లో అక్కడ గేర్లు లేని రోబో చెయ్యి తయారుచేశారు. కీలు ఇరుసు, మోటారు ఇరుసు రెండూ ఒకటే. మధ్యలో పళ్ళు లేవు, బెల్టు లేదు, సందు లేదు. డైరెక్ట్ డ్రైవ్ అన్న పేరుతో రోబోల చరిత్రలో నిలిచిపోయిన చెయ్యి అది.

అది 1971లో కాకుండా 1981లో ఎందుకు సాధ్యమైంది? జవాబు మోటారు లోపలి అయస్కాంతంలో ఉంది. ఆ చేతిలోని మోటార్లలో వాడినవి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. అంతకుముందున్న ఫెర్రైట్ అనే చౌక రకం అయస్కాంతాలతో అదే బలం రావాలంటే మోటారు ఎంత పెద్దదవుతుందంటే, చెయ్యి తన బరువు తానే మోసుకోలేదు. ఇక్కడ మనం రోబోల భవనం నుంచి లోహాల భవనానికి నడవాలి.

వియన్నాలో పుట్టి అమెరికా వెళ్ళిన కార్ల్ స్ట్రనాట్ ఒహాయో రాష్ట్రంలోని వైమానిక దళ పదార్థాల ప్రయోగశాలలో పనిచేస్తూ, 1966లో ఇట్రియం, కోబాల్ట్ కలిసిన ఒక సమ్మేళనంలో విచిత్రమైన లక్షణం గమనించారు. దానిలోని అయస్కాంతత్వం స్ఫటికంలో ఒకే ఒక దిశను పట్టుకొని, ఎంత లాగినా పక్కకు తిరగనని మొండికేస్తుంది. ఆ మొండితనమే శాశ్వత అయస్కాంతానికి ప్రాణం. బలమైన అయస్కాంతమంటే ఎక్కువగా లాగేది మాత్రమే కాదు, ఎదురుగా ఇంకో క్షేత్రం వచ్చి తోసినా తన దిశ వదలనిది. ఇట్రియం స్థానంలో సమేరియం పెడితే ఆ గుణం ఇంకా ఎక్కువైంది. స్ట్రనాట్ తర్వాత డేటన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా జీవితాంతం ఈ అయస్కాంతాల మీదే పనిచేశారు. ఆయన రోబో చెయ్యి తయారుచేద్దామని మొదలుపెట్టలేదు. కాని పదిహేనేళ్ళ తర్వాత పిట్స్‌బర్గ్‌లో ఆ చెయ్యి కదిలింది ఆయన చూపిన దారి వల్లనే.

సమేరియం-కోబాల్ట్‌తో చిక్కు ధర. కోబాల్ట్‌లో చాలా భాగం ఆఫ్రికాలోని జైర్ (ఇప్పటి కాంగో) నుంచి వచ్చేది. 1978లో అక్కడ గనుల ప్రాంతంలో యుద్ధం రేగి ధర ఆకాశానికెక్కింది. కోబాల్ట్ బదులు ఎక్కడ తవ్వినా దొరికే ఇనుము వాడలేమా అన్న ప్రశ్న చాలామంది బుర్రల్లో ఒకేసారి తిరిగింది. తొహొకు విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి ఫుజిట్సు సంస్థలో పనిచేస్తున్న మసాతో సగావా అదే సంవత్సరం ఒక సదస్సులో కూర్చొని ఉపన్యాసం వింటున్నారు. ఇనుముతో కలిసిన విరళ మృత్తిక (సమేరియం, నియోడిమియం వంటి రేర్ ఎర్త్ లోహాల) సమ్మేళనాలు మంచి అయస్కాంతాలు ఎందుకు కావంటే, వాటిలో ఇనుప పరమాణువులు మరీ దగ్గర దగ్గరగా ఉండటమేనని వక్త చెప్పారు. అలాగైతే మధ్యలో బోరాన్ వంటి చిన్న పరమాణువును దూర్చి వాటిని ఎడం చేస్తే సరి కదా అని సగావాకు తోచింది. ఉపన్యాసాలు వినడం వల్ల అప్పుడప్పుడు లాభం ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. తన సంస్థలో ఆ ఆలోచనకు ఆదరణ లేకపోవడంతో 1982లో సుమితోమో స్పెషల్ మెటల్స్‌కు మారి, కొద్ది నెలల్లోనే నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాన్ని సాధించారు. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ వేరే పద్ధతిలో అదే పదార్థానికి చేరుకున్నారు. 1983 నవంబరులో పిట్స్‌బర్గ్‌లోనే జరిగిన అయస్కాంత సదస్సులో ఈ ఫలితాలు లోకానికి తెలిశాయి.

ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది. సగావా అనుకున్నట్టు బోరాన్ పాత స్ఫటికంలో దూరి ఇనుప పరమాణువులను ఎడం చేసి ఊరుకోలేదు. అసలు అంతకుముందు ఎవరూ గుర్తించని కొత్త స్ఫటికమే ఏర్పడింది. రెండు నియోడిమియం, పద్నాలుగు ఇనుము, ఒక బోరాన్, ఈ లెక్కన నాలుగు జట్లు కలిసి 68 పరమాణువులతో ఒక్కో అర. ఇందులో బలం ఇనుముది, మొండితనం నియోడిమియంది, ఇద్దరినీ ఒక కప్పు కింద నిలబెట్టే పని బోరాన్‌ది. ఊహ తప్పినా దారి తప్పలేదు.

దీన్ని తయారుచేసే విధానం వింటే మన కమ్మరి, కుమ్మరి ఇద్దరూ గుర్తుకొస్తారు. లోహాలను కరిగించి పోతపోసి, ఆ ముద్దను మూడు నుంచి ఐదు మైక్రాన్ల పొడి అయ్యేదాకా నూరుతారు. ఆ పొడి గాలి తగిలితే అంటుకుంటుంది, కాబట్టి నైట్రోజన్ వంటి వాయువు మధ్యనే పని జరగాలి. తర్వాత బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచుతారు. అప్పుడు ప్రతి రేణువూ, గాలి వీచిన వైపు వరికంకులు వాలినట్టు, ఒకే దిశకు తిరుగుతుంది. అలా తిరిగి ఉండగానే అచ్చులో గట్టిగా నొక్కి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాలుస్తారు. కాలిన బిళ్ళ కుదించుకుపోయి గట్టిపడుతుంది. కోసి, అరగదీసి, తుప్పు పట్టకుండా నికెల్ పూత పూసి, అన్నిటికంటే చివర అయస్కాంతత్వం ఎక్కిస్తారు. ఇప్పుడు గొట్టంలో మెల్లగా దిగిన బిళ్ళ మీద మెరుస్తున్నది ఆ నికెలే.

ఇక నా సొంత భవనానికి, అంటే విద్యుత్ శాఖకు వస్తాను. బలమైన అయస్కాంతం ఉంటే సరిపోదు. చుట్టూ ఉన్న తీగచుట్టల్లో కరెంటును ఏ క్షణాన ఎక్కడ ఎంత పంపాలో తెలియాలి. రోటరు తిరుగుతూ ఉంటుంది, మూడు ఫేజుల కరెంట్లు పైకీ కిందికీ ఊగుతూ ఉంటాయి, వీటిని అదుపు చేయాలంటే కదిలే దాన్ని కదిలేదానితో కొలవడమే. తిరునాళ్ళలో రంగులరాట్నం బయట నిలబడి చూస్తే గుర్రాలన్నీ గిర్రున తిరుగుతుంటాయి. మీరే ఒక గుర్రమెక్కితే ఎదుటి గుర్రం మీది మనిషి కదలకుండా ఎదురుగానే కూర్చుని కనిపిస్తాడు. మోటారు లెక్క కూడా అలా రోటరు మీద కూర్చొని చూస్తే, ఊగే మూడు కరెంట్లు కదలని రెండు అంకెలుగా మారిపోతాయి. ఒకటి అయస్కాంత క్షేత్రాన్ని ప్రభావితం చేసేది, మరొకటి తిప్పే బలాన్ని ఇచ్చేది.

ఈ చూపును మనకిచ్చినవారిలో ఇద్దరి పేర్లు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటాయి. 1929లో ఆ పద్ధతిని యంత్రాల లెక్కలకు తెచ్చిన రాబర్ట్ పార్క్ ఒకరు. మూడు ఫేజులను రెండు అక్షాలకు కుదించే రూపాంతరానికి తన పేరు ఇచ్చిన ఎడిత్ క్లార్క్ మరొకరు. పేరు చదివి పురుషుడనుకునే విద్యార్థులను నేను చాలామందిని చూశాను. ఆమె 1883లో అమెరికాలోని మేరీలాండ్‌లో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి, 1919లో ఎం.ఐ.టి.లో విద్యుత్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొందిన తొలి మహిళ. పట్టా ఉన్నా ఆమెకు ఇంజనీరు ఉద్యోగం దొరకలేదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో మిగతా అమ్మాయిలతో లెక్కలు వేయించే పని ఇచ్చారు. అది మానేసి టర్కీ వెళ్ళి భౌతికశాస్త్రం బోధించిన తర్వాత, 1922లో అదే సంస్థ ఇంజనీరుగా పిలిచింది. 1947లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలై దాదాపు పదేళ్ళు పాఠం చెప్పారు. ఆమె లెక్కలు వేసింది వందల మైళ్ళు సాగే విద్యుత్ లైన్ల కోసం. అరచేతిలో ఇమిడే మోటారులో అవి రోజూ పనిచేస్తాయని ఆమె ఊహించి ఉండరు. 1960ల చివర జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో హాస్సె, ఆ తర్వాత సీమెన్స్‌లో బ్లాష్కె ఈ లెక్కలను మోటారును అదుపు చేసే పద్ధతిగా మలిచారు. అప్పుడు వాళ్ళకు తగిన చిప్పులు లేవు. ఇప్పుడు ఒక చౌక చిప్పు ఆ రంగులరాట్నం లెక్కను సెకనుకు వేల సార్లు వేస్తుంది.

గేరు లేని కీలు, బలమైన అయస్కాంతం, కరెంటును అదుపు చేసే లెక్క, ఈ మూడూ సిద్ధమైన తర్వాత వాటిని ఒక మోకాలిలో కూర్చినవారిలో ఎం.ఐ.టి. యంత్రశాస్త్ర ఆచార్యుడు సాంగ్‌బే కిమ్ పేరు ముందు చెప్పాలి. స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు బల్లిలా గాజు గోడ ఎక్కే రోబోను తయారుచేసిన మనిషి ఆయన. అసాదా, కనాదే గేరును పూర్తిగా తీసేశారు. కాని గేరు లేని మోటారు మోసుకు నడిచే కాలికి బరువెక్కువ. కిమ్ బృందం మధ్యేమార్గం పట్టింది. మోటారును పొడవుగా కాకుండా పళ్ళెంలా వెడల్పుగా చేశారు. తిప్పే బలం వ్యాసార్ధం పెరిగేకొద్దీ వేగంగా పెరుగుతుంది కాబట్టి, అదే బరువుతో ఎక్కువ బలం వస్తుంది. దానికి నూరు కాకుండా ఆరుకు దగ్గరి నిష్పత్తి ఉన్న చిన్న గేరు జోడించారు. ఆరుకు వర్గం ముప్పై ఆరు. పదివేలెక్కడ, ముప్పై ఆరెక్కడ! కాలు నేలకు తగిలిన దెబ్బ గేరును దాటి రోటరు దాకా సాఫీగా చేరుతుంది, రోటరు కదలికను బట్టి కరెంటు మారుతుంది, మోకాలు మెత్తబడుతుంది. పాదానికి ప్రత్యేకమైన బల గ్రాహకం (సెన్సర్) లేకుండానే, మోటారు తీసుకునే కరెంటును బట్టి నేల ఎంత గట్టిగా తోస్తోందో రోబోకు తెలుస్తుంది. గేరు తగ్గించడం వల్ల మోటారుకే స్పర్శజ్ఞానం వచ్చింది.

ఆ బృందంలో విద్యార్థిగా ఉన్న బెంజమిన్ కాట్జ్ ఇదే సూత్రాన్ని డ్రోన్ల కోసం అమ్మే చౌక మోటార్లతో చేసి చూపాడు. ఆ మోటారు మధ్యలో ఖాళీగా ఉన్న బొక్కలోనే గేరును అమర్చాడు. అలాంటి కీళ్ళు పన్నెండు బిగించిన తొమ్మిది కిలోల మినీ చీతా అనే నాలుగు కాళ్ళ రోబో 2019లో వెనక్కి పల్టీ కొట్టింది. ఈనాడు బజారులోకి వస్తున్న నాలుగు కాళ్ళ రోబోల్లో చాలావాటి కీళ్ళు ఈ వంశానివే.

అయితే గేరును తగ్గించిన పాపం ఎక్కడో ఒకచోట కట్టుకోక తప్పదు. గేరు చేసే పని ఇప్పుడు కరెంటు చేయాలి. తిప్పే బలం రెట్టింపు కావాలంటే కరెంటు రెట్టింపు కావాలి, కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. లో వోల్టేజీలో బోరు మోటారు తిరగలేక మూలుగుతూ నిలబడితే ఏమవుతుందో ఇక్కడున్న రైతుబిడ్డలకు నేను చెప్పనక్కరలేదు. వైండింగు కాలిన వాసన చేను గట్టు దాకా వస్తుంది. వంగిన మోకాలితో నిలబడి ఉన్న రోబో పరిస్థితీ అలాంటిదే, కదలకుండానే కరెంటు తాగుతూ వేడెక్కుతుంది. కాకపోతే బోరు మోటారులో కాలేది తీగ మాత్రమే, అందులో శాశ్వత అయస్కాంతం ఉండదు. రోబో మోకాలిలో తీగ పక్కనే నియోడిమియం బిళ్ళ ఉంది. సాధారణ రకం నియోడిమియం బిళ్ళ 80 డిగ్రీల ప్రాంతం దాటితే మొండితనం కోల్పోవడం మొదలుపెడుతుంది, 312 డిగ్రీల దగ్గర దాని అయస్కాంతత్వమే పోతుంది.

వేడికి ఓర్చుకోవాలంటే నియోడిమియంలో కొంత భాగం తీసి డిస్ప్రోసియం అనే మరో విరళ మృత్తిక లోహం కలుపుతారు. ఇక్కడే మన నేల సంగతి వస్తుంది. శ్రీకాకుళం నుంచి భీమిలి దాటి దక్షిణంగా సాగే మన తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. దానిలో నియోడిమియం దండిగా ఉంది, అణుధార్మిక లోహమైన థోరియం కూడా ఉంది కాబట్టి అది అణుశక్తి శాఖ అదుపులో ఉంటుంది. కాని డిస్ప్రోసియం ఆ ఇసుకలో బహు స్వల్పం. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు విరళ మృత్తికల ఎగుమతిపై ఆంక్షలు పెట్టినప్పుడు ఆ జాబితాలో నియోడిమియం లేదు. డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం ఉన్నాయి. ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో తెలిసినవాళ్ళు వేసిన జాబితా అది.

ఈ రంగంలో హైదరాబాదుకు పాత పరిచయమే ఉంది. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. 1980లలో దానికి డైరెక్టరుగా ఉన్న ఆచార్య పల్లె రామారావు చొరవతోనే బాలాపూర్‌లో పొడి లోహశాస్త్ర కేంద్రం వెలిసింది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో ఏడాదికి మూడు వేల కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు చేయగల కర్మాగారాన్ని 2023 మేలో జాతికి అంకితం చేశారు. మూడు వేల కిలోలంటే చిన్న లారీ లోడు. వేడికి తట్టుకోవడంలో సమేరియం-కోబాల్ట్ నియోడిమియం కంటే మేలు కాబట్టి అంతరిక్ష, రక్షణ అవసరాలకు అది సరిపోతుంది. లక్షల మోకాళ్ళకు కావలసింది నియోడిమియం, అది కొలిమి నుంచి వేల టన్నుల్లో రావాలి. మన ఇసుకకూ ఆ కొలిమికీ మధ్య ఉన్నది పొడిని గాలి తగలకుండా నూరి, వరసలో నిలిపి, కాల్చే నేర్పు. తక్కువ డిస్ప్రోసియంతో పని జరిపించడానికి లోహ శాఖవాళ్ళు రేణువు అంచుల్లో మాత్రమే దాన్ని ఇంకించే పద్ధతి పట్టారు. విద్యుత్ శాఖవాళ్ళు వేడి తగ్గించే వైండింగుల మీద ఉన్నారు. రోబో శాఖవాళ్ళు నిలబడినప్పుడు మోకాలు నిటారుగా ఉంచితే సగం కరెంటు మిగులుతుంది కదా అంటున్నారు. మూడో మాట వినగానే నాకు నవ్వొచ్చింది, కాని బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్ళు దాన్ని కాదనరు.

ఇప్పుడు రెండో అయస్కాంతం. ఇదీ మొదటిదానితో పాటు ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి కొన్నదే. నిన్న దీన్ని ప్రయోగశాలలో కొలిమిలో పెట్టి 350 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి, చల్లారాక తీశాను. పూత కొంచెం నల్లబడింది తప్ప బరువు తగ్గలేదు, ఆకారం మారలేదు. లోపల అవే 68 పరమాణువుల అరలు ఉన్నాయి. గొట్టం నిటారుగానే ఉంది. ముందు వరసలో ఉన్న అమ్మాయీ, నువ్వు వచ్చి వదులమ్మా, మిగతావాళ్ళు లెక్కపెట్టండి.

ఒకటి కూడా పూర్తిగా అననివ్వలేదు, చూశారా.